మూజువాణి మాటున మన ఎంపీ ఓటు

ఎంపీ గారు ఢిల్లీలో ఏం చేస్తున్నారని అమలాపురంలోనో భీమవరంలోనో అడిగి చూడండి, జవాబుగా ఎక్కువసార్లు ఒక ఫొటో వస్తుంది. కేంద్రమంత్రికి శాలువా కప్పి, చేతిలో వినతిపత్రం పెట్టి, ఇద్దరూ కెమెరా వైపు చూస్తుంటారు. బల్ల మీద పూతరేకుల పెట్టె కూడా ఉంటే అది మనవాళ్ల ఫొటోయేనని ఖాయం చేసుకోవచ్చు. మధ్యాహ్నానికి అది వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టేస్తుంది, మర్నాడు జిల్లా ఎడిషన్‌లో వార్త అవుతుంది. ఫొటోను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆ వినతిపత్రం తర్వాత ఏమైందో, అదే వారం సభలో ఏ బిల్లు పాసైందో, దానికి ఎంపీ గారు అవునన్నారో కాదన్నారో మాత్రం ఆ గ్రూపుల్లో ఎక్కడా కనిపించదు.

"ఓటింగ్ రికార్డు బయటపెట్టండి" అని అడిగేవాళ్లు ఈమధ్య కనిపిస్తున్నారు. మంచిదే. కాకపోతే ప్రతి బిల్లుకూ సభ్యుడి పేరు పక్కన అవును, కాదు అని రాసిన పట్టిక ఎక్కడో ఉంటుంది, తీసి చూడడమే తరువాయి అనుకుంటే పొరపాటు. మన పార్లమెంటులో ఆ పట్టిక నిండా ఖాళీ గళ్లే. అవి ఎందుకు ఖాళీయో తెలియకుండా లెక్కలేస్తే పనిచేసే సభ్యుడు సోమరిగానూ, సోమరి చురుకైనవాడిగానూ తేలతారు. నేననేది ఒక్కటే: ఆ ఖాళీ గళ్లను నింపే బాధ్యత ఎంపీ గారిది. నోటితో చెప్పాలి, కాగితం మీద పెట్టాలి, అదీ తెలుగులో. ఏ బటన్ నొక్కారన్న దానికంటే, ఏది నొక్కారో ఎందుకు నొక్కారో నియోజకవర్గానికి చెప్పారా లేదా అన్న చోటే నేను మార్కులు వేస్తాను.

గంట మోగితేనే పేర్లు

బిల్లు మీద చర్చ ముగిశాక స్పీకర్ దాన్ని సభ ముందు ఓటుకు పెడతారు. ఒప్పుకునేవాళ్లు ఔనని, ఒప్పుకోనివాళ్లు కాదని కూర్చున్న చోటి నుంచే గట్టిగా అంటారు. ఏ గొంతు ఎక్కువ వినిపిస్తే అటు గెలిచినట్టు స్పీకర్ ప్రకటిస్తారు. పత్రికలు మూజువాణి ఓటు అనేది దీన్నే. ఎవరు నోరు విప్పారో, ఎవరు ఊరుకున్నారో, ఎవరు క్యాంటీన్‌లో కాఫీ తాగుతున్నారో ఎక్కడా రాయరు.

స్పీకర్ ప్రకటనను ఎవరైనా సభ్యుడు ఒప్పుకోక డివిజన్, అంటే ఓట్లు లెక్కపెట్టమని, అడిగితే వ్యవహారం లోక్‌సభ నియమావళిలోని 367వ నియమం కిందికి వెళ్తుంది. లాబీలు ఖాళీ చేయిస్తారు. భవనంలో ఏ మూల ఉన్నా వినపడేలా మూడున్నర నిమిషాల పాటు గంట మోగుతుంది. గంట ఆగగానే తలుపులు మూసేస్తారు. అప్పటికి లోపలికి రానివాళ్లు ఇక బయటే. స్పీకర్ రెండోసారి ఓటుకు పెడతారు. మళ్లీ ఎవరైనా అభ్యంతరం చెబితేనే యంత్రం పని మొదలవుతుంది. ఎవరి సీటు దగ్గర వాళ్లకే బటన్లు: ఆకుపచ్చ అంటే అనుకూలం, ఎరుపు అంటే వ్యతిరేకం, పసుపు అంటే తటస్థం. యంత్రం మొరాయించినా, వేలు తప్పినా ఆ మూడు రంగుల్లోనే చీటీలు ఉంటాయి, వాటి మీద రాసిచ్చి సరిచేసుకోవచ్చు. స్పీకర్ ఫలితం చదివేటప్పుడు "దిద్దుబాట్లకు లోబడి" అని మొదలుపెట్టేది అందుకే. సభలో చదివిన అంకె ఒకటి, తర్వాత అచ్చులో కనిపించే అంకె ఇంకొకటి అయితే చాలామంది కుట్ర అనుకుంటారు. సాధారణంగా ఆ తేడా ఈ చీటీల వల్ల వచ్చేదే.

మధ్యలో ఇంకో దారి కూడా ఉంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు. డివిజన్ అనవసరంగా అడుగుతున్నారని స్పీకర్‌కు అనిపిస్తే, ముందు అనుకూలురను, తర్వాత వ్యతిరేకులను నిలబడమని తలలు లెక్కపెట్టించవచ్చు. అప్పుడు అంకె మిగులుతుంది, పేర్లు మిగలవు.

రాజ్యాంగ సవరణలకు ఈ తంటా లేదు. సభ మొత్తం సభ్యుల్లో సగానికి మించి ఒప్పుకోవాలి, హాజరై ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. గొంతులు విని అది తేల్చలేరు కాబట్టి డివిజన్ తప్పదు. 2023 సెప్టెంబరు 20న మహిళా రిజర్వేషన్ బిల్లుకు లోక్‌సభలో 454 మంది అనుకూలం, ఇద్దరు వ్యతిరేకం. 2019 జనవరి 8న అగ్రవర్ణ పేదల పది శాతం రిజర్వేషన్ బిల్లుకు 323 మంది అనుకూలం, ముగ్గురు వ్యతిరేకం. అంకెలు చూశారుగా! పేర్లు తప్పకుండా నమోదయ్యే చోట తరచూ సభంతా ఒకే వైపు ఉంటోంది. నిజంగా కొట్లాట ఉన్న బిల్లుల్లో చాలావాటికి పేర్లే ఉండవు.

తెలుగువాళ్లకు ఇది పుస్తకం చూసి నేర్చుకోవాల్సిన పాఠం కాదు. 2014 ఫిబ్రవరి 18న ఆంధ్రప్రదేశ్ పునర్విభజన బిల్లు లోక్‌సభలో మూజువాణి ఓటుతోనే పాసైంది. ఆ సమయంలో ప్రత్యక్ష ప్రసారమూ ఆగిపోయింది. అంతకు ఐదు రోజుల ముందు పెప్పర్ స్ప్రే గొడవ తర్వాత సీమాంధ్ర సభ్యులు పలువురు సస్పెండై ఉన్నారు. రాష్ట్రం రెండు ముక్కలైన రోజున ఏ ఎంపీ ఎటు ఓటేశారో పేర్లతో చెప్పే జాబితా లేదు. ఆ ఆమోదం జరిగిన తీరునే ప్రశ్నిస్తూ రాజమహేంద్రవరం మాజీ ఎంపీ ఉండవల్లి అరుణ్ కుమార్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. నాలుగేళ్ల తర్వాత, 2018 మార్చి 14న, ప్రత్యేక హోదా నినాదాల మధ్య ఆ ఏటి ఆర్థిక బిల్లు, పద్దులు చర్చే లేకుండా అరగంటలో పాసైపోయాయి. దానికీ పేర్లు లేవు. అదే ఏడాది జులై 20న తెలుగుదేశం పెట్టిన అవిశ్వాస తీర్మానానికి మాత్రం డివిజన్ జరిగింది: అనుకూలం 126, వ్యతిరేకం 325.

ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే రొయ్య ఉంది. 2005 నాటి కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టాన్ని 2023 ఆగస్టులో పార్లమెంటు సవరించింది. సముద్రం, నదులు, ఉప్పుటేళ్ల పోటు గీత నుంచి రెండు కిలోమీటర్ల లోపు ఉప్పునీటి చెరువులన్నీ ఆ చట్టం కిందికి వస్తాయి. రిజిస్ట్రేషన్ లేకుండా సాగు చేస్తే మూడేళ్ల దాకా జైలు అని పాత చట్టంలో ఉండేది. సవరణ ఆ జైలు తీసేసి జరిమానాలు పెట్టింది. తీరప్రాంత నియంత్రణ జోన్ (సీఆర్‌జెడ్) పరిధిలో ఈ సాగుకు అనుమతి ఉన్నట్టేనని పాత తేదీ నుంచి వర్తించేలా రాసుకుంది. అంతర్వేది నుంచి కాట్రేనికోన దాకా తీరం పొడుగునా చెరువు ఉన్నవాడికి ఇది ఊరట. పక్కనే వరి చేలో ఉప్పు ఊరుతోందని మొత్తుకునేవాడికి ఇది గుండెపోటు. ఇద్దరూ ఒకే ఎంపీకి ఓటర్లు. ఆ బిల్లూ మూజువాణి ఓటుతోనే పాసైంది. మణిపుర్ మీద చర్చ కోసం సభ అట్టుడుకుతున్న రోజులవి, డివిజన్ అడిగే తీరిక ఎవరికీ లేదు. డెల్టా ఎంపీలు ఆ రోజు ఔనన్నారా కాదన్నారా? రికార్డు చెప్పదు. వాళ్లే చెప్పాలి.

ఖాళీ గడిని చదవడం

డివిజన్ జరిగిన బిల్లుల్లోనూ పేరు కనిపించలేదంటే డుమ్మా కొట్టారని అర్థం కాదు. దీనికి మన కోనసీమ ఉదాహరణను మించింది లేదు. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం విశ్వాస తీర్మానంలో ఒక్క ఓటుతో ఓడిపోయింది. 269 అనుకూలం, 270 వ్యతిరేకం. స్వతంత్ర భారత చరిత్రలో అంత హోరాహోరీ లెక్కింపులో అమలాపురం ఎంపీ పేరు ఏ జాబితాలోనూ ఉండదు. ఎందుకంటే ఆ రోజు స్పీకర్ కుర్చీలో ఉన్నది అమలాపురం ఎంపీ జి.ఎం.సి. బాలయోగి గారే. రాజ్యాంగం 100వ అధికరణం ప్రకారం స్పీకర్ ముందుగా ఓటు వేయరు. రెండు వైపులా సమానమైతేనే వేస్తారు. వ్యతిరేక ఓట్లలో ఒక్కటి తగ్గి 269-269 అయ్యుంటే, ప్రభుత్వం ఉండాలా పోవాలా అన్నది ఆ కుర్చీలోని ఓటు తేల్చాల్సి వచ్చేది. అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రి అయిన గిరిధర్ గమాంగ్ ఓటేయవచ్చా అన్న తగువులో, దాన్ని ఆయన మనస్సాక్షికే వదిలేసిందీ బాలయోగి గారే. ఓటింగ్ రికార్డులో ఖాళీ గడి అంటే ఏమీ చేయలేదని కాదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఇప్పటి సంగతికి వస్తే, నరసాపురం ఎంపీ భూపతిరాజు శ్రీనివాస వర్మ 2024 జూన్ నుంచి కేంద్ర సహాయమంత్రి. మంత్రులు హాజరు రిజిస్టర్‌లో సంతకం పెట్టరు, ప్రశ్నలు అడగరు. వాళ్లు జవాబులు చెప్పే వైపు. ఎంపీల పనితీరు పట్టికలు చూసి "మా ఎంపీ ఒక్క ప్రశ్నా అడగలేదు" అని మంత్రి మీద పోస్టు పెట్టేవాళ్లు ప్రతి లోక్‌సభలోనూ ఉంటారు. స్పీకర్‌కు, ప్రతిపక్ష నేతకు కూడా హాజరు లెక్క ఉండదు. సస్పెండైన సభ్యుడు ఓటేయలేడు. వాకౌట్ చేసిన పార్టీ సభ్యుడి పేరూ ఉండదు, 2018 అవిశ్వాసంలో బిజూ జనతాదళ్ చేసింది అదే. పసుపు బటన్ నొక్కితే మాత్రం పేరు నమోదవుతుంది. సభలో కూర్చుని తటస్థంగా ఉండడం వేరు, బయటికి నడవడం వేరు, ఊళ్లో పెళ్లికి వెళ్లడం వేరు. ముగ్గురినీ ఒకే గాటన కట్టకూడదు.

హాజరు శాతం గురించి ఒక మాట. పొద్దున హాజరు వేసుకుని కాసేపటికే బయటపడినా ఆ రోజు హాజరే. ఆ శాతాన్ని ఫ్లెక్సీ మీద వేయించుకునేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది.

విప్ ఉందిగా, ఇంకేం చెప్తారు?

ఇది తరచూ వినే సమాధానం. 1985లో 52వ సవరణతో వచ్చిన పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిషేధ చట్టం) ప్రకారం పార్టీ విప్‌కు, అంటే ఇలా ఓటేయండన్న పార్టీ ఆదేశానికి, వ్యతిరేకంగా ముందస్తు అనుమతి లేకుండా ఓటేసినా, ఓటేయకుండా ఊరుకున్నా సభ్యత్వం పోవచ్చు. పార్టీ పదిహేను రోజుల్లో క్షమిస్తే సరి. విప్‌ను విశ్వాస తీర్మానాల వంటివాటికే పరిమితం చేయమని 1990లో దినేశ్ గోస్వామి కమిటీ చెప్పింది. ఎవరూ విన్లేదు. కాబట్టి డివిజన్‌లో మన ఎంపీ నొక్కిన రంగు నిజానికి పార్టీ నొక్కిన రంగు. అది చూసి వ్యక్తిని మెచ్చుకోవడంలోనూ తిట్టడంలోనూ పస తక్కువ.

కానీ విప్ ఉన్నది ఓటుకు. బిల్లులో ఫలానా నిబంధన మా డెల్టా మీద ఇలా పడుతుంది, మంత్రిగారికి ఇది చెప్పాం, సవరణ కోరాం, ఒప్పుకోలేదు, పార్టీ నిర్ణయం ప్రకారం ఓటేశాం అని నియోజకవర్గానికి రాయడాన్ని ఏ షెడ్యూలూ ఆపదు. బహిరంగంగా పార్టీని ధిక్కరిస్తే సభ్యత్వాన్ని స్వచ్ఛందంగా వదులుకున్నట్టేనని పార్టీ వాదించవచ్చు, నిజమే. అయితే ఆ హద్దు ఎంత దూరంలో ఉందో నరసాపురం చూసింది. అక్కడ 2019లో గెలిచిన రఘురామకృష్ణరాజు సొంత పార్టీని రోజూ విమర్శించారు. 2020లో పార్టీ అనర్హత పిటిషన్ వేసింది. అయినా ఆ లోక్‌సభ కాలమంతా ఆయన ఎంపీగానే ఉన్నారు. ఆయన రాజకీయం నచ్చడం నచ్చకపోవడం పక్కన పెట్టండి. ఒక బిల్లు గురించి నాలుగు వాక్యాల వివరణ రాస్తే పదవి పోతుందన్న భయం మాత్రం ఉత్తిదే.

ఎక్కడ వెతకాలి

పార్లమెంటు వెబ్‌సైట్ సంసద్ డాట్ ఇన్. ముందు బిల్లు పేజీ తీసి లోక్‌సభలో పాసైన తేదీ రాసుకోండి. ప్రవేశపెట్టిన తేదీ, రాష్ట్రపతి సంతకం తేదీ వేరు, ఇక్కడే సగం మంది పొరబడతారు. ఆ తేదీ నాటి చర్చల పూర్తిపాఠం దించుకుని అందులో డివిజన్ అన్న మాట కోసం వెతకండి. లేకపోతే మూజువాణి, అంతటితో వెతుకులాట ఆపేయండి. ఉంటే అనుకూలుర, వ్యతిరేకుల జాబితాలు ఇంగ్లీషు అక్షర క్రమంలో ఉంటాయి. మన పేర్లతో వచ్చే చిక్కు ఇక్కడ. ఇంటిపేరు ముందు రాశారో వెనక రాశారో, "శ్రీనివాస" చివర ఏ ఉందో లేదో చెప్పలేం. పూర్తి పేరు కొడితే దొరకదు, మధ్యలోని నాలుగైదు అక్షరాలు కొట్టండి. జాబితా కింద చిన్న అక్షరాల్లో చీటీల ద్వారా ఓటేసినవాళ్ల, దిద్దుకున్నవాళ్ల పేర్లు ఉంటాయి. అది చదవకుండా "ఫలానా ఎంపీ ఓటేయలేదు" అని పోస్టు పెట్టకండి. ఒక బిల్లుకు ఒకే డివిజన్ ఉంటుందని కూడా అనుకోవద్దు. ఒక్కో సవరణకు, ఒక్కో క్లాజుకు, చివరికి మొత్తం బిల్లుకు విడివిడిగా ఉండవచ్చు. ప్రతిపక్షం తెచ్చిన సవరణకు ఎర్ర బటన్ నొక్కడాన్ని బిల్లుకే వ్యతిరేకంగా ఓటేసినట్టు తిప్పి చూపే పోస్టరు ప్రతి ఎన్నికలోనూ తయారవుతుంది.

ఎంపీ గారు తెలుగులో ప్రసంగించి ఉంటే పూర్తిపాఠంలో దాని ఇంగ్లీషు అనువాదమే కనిపిస్తుంది. అసలు మాట కావాలంటే సంసద్ టీవీ వీడియో చూడాలి. పార్లమెంటు పనిని గమనించే పీఆర్‌ఎస్ సంస్థ వెబ్‌సైట్‌లో సభ్యుల హాజరు, ప్రశ్నలు, చర్చలు, ప్రైవేటు బిల్లులు ఒకే చోట దొరుకుతాయి, ఓట్లు మాత్రం దొరకవు. స్థాయీ సంఘాల (స్టాండింగ్ కమిటీల) సమావేశాలు గుట్టుగా జరుగుతాయి గానీ, ఆ సంఘం నివేదిక చివర జతచేసిన మినిట్స్‌లో ఎవరెవరు వచ్చారో పేర్లుంటాయి. బిల్లు మీద అసలు పని జరిగేది చాలాసార్లు అక్కడే. నన్నడిగితే హాజరు శాతం కంటే ఆ పేజీ విలువైంది.

ఓటుకే రాని సంగతులు

కొబ్బరి రైతుకు కావాల్సిన చాలా నిర్ణయాలు సభలో ఓటుకు రావు. ఎండుకొబ్బరి మద్దతు ధర కేంద్ర కేబినెట్ కమిటీ ఖరారు చేస్తుంది. 2025 సీజన్‌కు క్వింటాలుకు మిల్లు కొబ్బరి 11,582 రూపాయలు, కురిడీ 12,100 రూపాయలు. దీనికి డివిజనూ లేదు, మూజువాణీ లేదు. ఇక్కడ ఎంపీ చేతిలో ఉన్న ఆయుధం ప్రశ్న.

లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర ప్రశ్నలు, 230 నక్షత్రం లేనివి. మొదటివాటికి మంత్రి నోటితో జవాబు చెబుతారు, అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. రెండోవాటికి రాతపూర్వక జవాబు. కనీసం పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఏది ముందో లాటరీలో తేలుతుంది, కాబట్టి ప్రశ్న రాలేదంటే అడగలేదని అనుకోకూడదు. మామూలుగా రాతజవాబులే పనికొస్తాయి, అంకెలు వాటిలోనే ఉంటాయి.

అయితే ప్రశ్నల సంఖ్య చూసి మురిసిపోవద్దు. "కొబ్బరి రైతుల సంక్షేమానికి ప్రభుత్వం తీసుకుంటున్న చర్యలేమిటి?" అని అడిగితే పథకాల పేర్లతో మూడు పేజీల జవాబు వస్తుంది, దానితో పకోడీ పొట్లం కట్టుకోవచ్చు. అదే ప్రశ్నను ఇలా అడగొచ్చు: ఫలానా సీజన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో మద్దతు ధరకు ఎన్ని క్వింటాళ్లు కొన్నారు, అందులో కోనసీమ జిల్లాలో ఎంత, ఏ కేంద్రాల్లో, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు? కొనుగోలుకు రాష్ట్రం ప్రతిపాదన ఏ తేదీన పంపింది, కేంద్రం ఏ తేదీన ఒప్పుకుంది? చివరి రెండు తేదీలే కీలకం. మద్దతు ధర పథకం కింద కొనాలంటే రాష్ట్రం ముందు అడగాలి. అడగలేదని ఢిల్లీ, అడిగినా ఒప్పుకోలేదని అమరావతి ఒకరి మీద ఒకరు చెప్పుకునే లోపు దళారి కొబ్బరి ఎత్తుకుపోతాడు. సభలో అచ్చయిన తేదీ ఉంటే ఆ బంతాట ఆగుతుంది.

కోటిపల్లి-నరసాపురం రైలు మార్గం కూడా ఇలాంటిదే. 2000-01లో మంజూరైంది, గౌతమి, వైనతేయ, వసిష్ఠ మూడింటినీ దాటాలి. పనుల పురోగతి ఎంత అని అడిగితే "పురోగతిలో ఉంది" అని వస్తుంది. ఏ వంతెన ఎన్ని స్తంభాలు, ఎన్ని పూర్తి, ఏ మండలంలో ఎన్ని ఎకరాల సేకరణ మిగిలింది, రాష్ట్రం వాటా సొమ్ము ఏ ఏడాది ఎంత జమైంది అని విడగొట్టి అడిగితే తప్పించుకోవడం కష్టం.

జవాబులో "సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందుంచుతాం" అని ఉంటే దాన్ని వదలొద్దు. పార్లమెంటు లెక్కలో అది హామీ. మూడు నెలల్లో తీర్చాలి, తీర్చకపోతే ప్రభుత్వ హామీల కమిటీ అడుగుతుంది. ఎంపీ గారి ఆఫీసు ఆ తేదీని క్యాలెండర్‌లో పెట్టుకుందా అని అడగండి. చాలా ఆఫీసుల్లో ప్రశ్న అచ్చయ్యాక ఫైలు మూసేస్తారు.

పంట కాలువ వంతు నీరు, డ్రెయిన్‌లో పూడిక, లాకు గేటు రాష్ట్రానివి. వాటికి ఎమ్మెల్యేను పట్టుకోవాలి. ఇంకో తమాషా ఉంది: బాలయోగి వారధికి ఇటు ఎదుర్లంక, అటు యానాం. ఇటు ఓటరు ఎంపీ అమలాపురం ఎంపీ, అటు ఓటరు ఎంపీ ఎక్కడో పుదుచ్చేరి ఎంపీ. గోదావరి మీద ఒకే వరద వచ్చినా అర్జీలు రెండు చోట్లకు వెళ్లాలి.

ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి

ఎంపీకి జీతం కాక నియోజకవర్గ భత్యం, ఆఫీసు ఖర్చు విడిగా వస్తాయి. 2025 మార్చిలో ప్రకటించిన సవరణ ప్రకారం నెలకు జీతం 1,24,000, నియోజకవర్గ భత్యం 87,000, ఆఫీసు ఖర్చు 75,000 రూపాయలు. ఇందులో 25,000 స్టేషనరీకి. అంటే కాగితం ఖర్చు ప్రభుత్వమే ఇస్తోంది. నేను కోరేది పెద్దదేం కాదు. ఏడాదికి మూడు సమావేశాలు జరుగుతాయి, ఒక్కోటి ముగిసిన నెలలోపు రెండు పేజీల ఉత్తరం, తెలుగులో, ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లలోని ప్రతి గ్రామ సచివాలయం నోటీసు బోర్డు మీద పెట్టాలి. అదే వాట్సాప్‌లోకి.

అందులో ఉండాల్సింది: జరిగిన డివిజన్లన్నీ, తన ఓటు, లేదా లేకపోవడానికి కారణం. డెల్టాను తాకిన మూజువాణి బిల్లులు రెండో మూడో ఎంచుకుని వాటి మీద తన వైఖరి. అడిగిన ప్రశ్నల నంబర్లు, తేదీలు, జవాబు సారాంశం ఒక్కో వాక్యంలో. మంత్రులకు రాసిన లేఖల్లో జవాబు వచ్చినవి, రానివి. "అందింది, పరిశీలిస్తున్నాం" అనే రసీదును జవాబుగా లెక్కెయ్యకూడదు. ఎంపీ లాడ్స్ (నియోజకవర్గ అభివృద్ధి నిధి) ఏడాదికి 5 కోట్లు, దానికి ఈ-సాక్షి పోర్టల్ ఉంది కాబట్టి రెండు అంకెలు చాలు: సిఫారసు ఎంత, పూర్తయిన పని ఎంత. సిఫారసు చేయడమే ఎంపీ పని, మంజూరు జిల్లా యంత్రాంగానిది. శిలాఫలకం చూసి పని అయిపోయిందనుకోకండి.

"జనానికి ఇవన్నీ అక్కర్లేదు, పని చేసిపెడితే చాలు" అంటారు ఎంపీల చుట్టూ ఉండేవాళ్లు. అందులో నిజం లేకపోలేదు. ఎంపీ ఆఫీసుకు వచ్చే ఫోన్లలో రైలు అత్యవసర కోటా, తిరుమల దర్శనం లెటరు, ఆసుపత్రి సిఫారసు ఉంటాయే గానీ బిల్లు క్లాజు ఉండదు. కేంద్రీయ విద్యాలయాల్లో ఎంపీకి ఉన్న పది సీట్ల కోటాను 2022లో ఎత్తేసే దాకా దానికి పడ్డ క్యూ చెప్పనలవి కాదు. కానీ అడగందే అమ్మయినా పెట్టదు. రొయ్యల బిల్లు వచ్చినప్పుడు ఎంపీ గారి వైఖరేమిటని చెరువుల సంఘంగానీ వరి రైతుల సంఘంగానీ ముందే రాసి అడిగితే, ఆఫీసులో ఒకరైనా ఆ బిల్లు తెరిచి చదివేవాళ్లు.

జిల్లాలో కేంద్ర పథకాలను సమీక్షించే దిశ కమిటీకి ఎంపీయే అధ్యక్షత వహిస్తారు. అది మూడు నెలలకోసారి జరగాలి. మినిట్స్ కలెక్టరేట్‌లో ఉంటాయి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. "సమావేశం వివరాలు" అని రాస్తే హాజరైనవాళ్ల జాబితా ఒక్కటే ఇచ్చి పంపేస్తారు. "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు జరిగిన ప్రతి దిశ సమావేశం మినిట్స్, తదుపరి చర్యల నివేదికల నకళ్లు" అని రాయండి.

ఇక ఎంపీ గారికి రాసేటప్పుడు సమయమే ముఖ్యం. ప్రతి సమావేశానికి ముందు రాబోయే బిల్లుల జాబితా లోక్‌సభ బులెటిన్‌లో వస్తుంది. విప్ వచ్చేది ఓటింగ్ దగ్గరపడ్డాకే. ఉత్తరం వెళ్లాల్సింది ఆ రెండింటి మధ్య. ఒక ఉత్తరంలో ఒకే బిల్లు, క్లాజు నంబరు, అది ఏ ఊళ్లో ఎవరి మీద ఎలా పడుతుందో పది వాక్యాలు. పొగడ్తలొద్దు, ఫొటో అక్కర్లేదు, సంఘం లెటర్‌హెడ్ ఉంటే మంచిది. చివర రెండే ప్రశ్నలు: ఈ క్లాజు మీద మీ అభిప్రాయం ఏమిటి? మూజువాణి ఓటు జరిగితే మీరు ఎటు అన్నారో మాకు రాసి పంపుతారా? ఒక ప్రతి ఢిల్లీ చిరునామాకు, ఒకటి నియోజకవర్గం ఆఫీసుకు, ఒకటి సంసద్ వెబ్‌సైట్‌లో సభ్యుల పేజీలో ఉన్న ఈమెయిల్‌కు. స్పీడ్ పోస్టు రసీదు దాచుకోండి. సమావేశాలు ముగిసిన నెలకు రెండో ఉత్తరం రాసేటప్పుడు దాని నకలే మొదటి జతపత్రం.